చిన్నబోయే అచ్చు

మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరి, లాంచీ ఎక్కి నాగార్జునకొండ దీవికి వెళితే మ్యూజియంలో ఒక లోయే కనిపిస్తుంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసిన లోయ అది. సాగర్ నీళ్ల అడుగున ఉన్న నేలను నమూనాగా కుదించి అక్కడ పెట్టారు. ఆనకట్ట నీళ్లు రాకముందే, 1954 నుంచి 1960 దాకా, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో ఆ లోయను తవ్వారు. స్తూపాలు, విహారాలు, స్నానఘట్టాలతోపాటు ఒక కంసాలి పనిశాల కూడా బయటపడింది. మూసలు, గీటురాయి, నగల అచ్చులు అందులో దొరికాయి. రాణులు వేయించిన శాసనాల పక్కన అదేమంత పెద్ద విశేషంగా అనిపించకపోవచ్చు. కానీ బొమ్మల సైజు మార్చే విద్యకు ఇలాంటి పనిశాలల అచ్చులతో చుట్టరికం ఉంది.

అచ్చు గుద్దినట్టు ఉన్నాడు అంటాం. తీరా చూస్తే మట్టి అచ్చులోంచి వచ్చింది అచ్చు గుద్దినట్టు ఉండదు, కాస్త చిన్నగా ఉంటుంది. తడి మట్టిలో పలకల్లాంటి సూక్ష్మ రేణువులు ఉంటాయి. వాటి మధ్య నీటి పొరలు ఉంటాయి. ఆరేకొద్దీ ఆ నీరు పోయి రేణువులు దగ్గరికి జరుగుతాయి. ఆవంలో కాలినప్పుడు ఇంకొంచెం బిగుసుకుంటాయి. మట్టిని బట్టి లెక్క మారుతుంది గానీ, మొత్తం మీద పొడవులో పదో వంతు తగ్గడం మామూలే.

ఇప్పుడు కాల్చిన బొమ్మ ఒకటి ఉందనుకుందాం, 20 సెంటీమీటర్లది. దాని మీద తడి మట్టి అదిమి అచ్చు తీయాలి. పూర్తిగా ఆరేదాకా ఉంచితే అచ్చు పగులుతుంది, ఎందుకంటే బయటి మట్టి ముడుచుకుంటుంటే లోపలి బొమ్మ ముడుచుకోదు. కాస్త గట్టిపడగానే ఊడదీసి కాలిస్తే, అచ్చులోని ఆకారం 18 సెంటీమీటర్లకు దిగుతుంది. ఆ అచ్చులో తీసిన బొమ్మ కాలాక 16.2 అవుతుంది. అంటే ఒక్క తిరుగుడులో రెండుసార్లు తరుగుతుందన్నమాట. రెండో తిరుగుడుకు 13.1, మూడోదానికి 10.6. ఏ కొలబద్దా, ఏ యంత్రమూ లేకుండానే బొమ్మ ఇంచుమించు సగమైంది.

గ్రీసు దేశపు తనాగ్రా మట్టిబొమ్మల దగ్గర ఈ తరుగే పురావస్తు శాస్త్రజ్ఞులకు ఆధారమైంది. ఒకే పోలికతో వేర్వేరు సైజుల్లో దొరికిన బొమ్మల్లో ఏది తల్లో, ఏది మనవరాలో ఎలా తేల్చాలి? 1952లో ఆర్. వి. నికోల్స్ ఈ సమస్య మీద రాసిన వ్యాసం ఆ రంగంలో దారి చూపింది. చిన్నది తర్వాతి తరం, పెద్దది ముందు తరం. ముక్కు మొన అరిగి, కనురెప్ప గీత మసకబారి ఉంటే ఇంకా తర్వాతిది. మన దగ్గర సంగారెడ్డి సమీపంలోని కొండాపూర్‌లో శాతవాహన కాలపు తెల్లమట్టి బొమ్మలు దొరికాయి. ముందు, వెనుక రెండు ముక్కల అచ్చులో చేసినవవి. అలాంటి బొమ్మలను పక్కపక్కన పెట్టి కొలిచే పనిలో ఎంతో కథ దాగి ఉంటుంది.

లోహానికీ తరుగు ఉంది, కాకపోతే తక్కువ. పోత ఇనుము గడ్డకట్టి చల్లారేసరికి సుమారు ఒక శాతం, కంచు ఒకటిన్నర శాతం కుదించుకుపోతుంది. అందుకే పోత కార్ఖానాల్లో నమూనా చేసే వడ్రంగి చేతిలో మామూలు స్కేలు ఉండదు. తరుగును ముందే కలిపి, గీతలు కాస్త ఎడంగా కొట్టిన స్కేలు ఉంటుంది. ఛాపాఖానా అక్షరాలకు సీసంలో ఆంటిమొనీ కలిపిందీ కొంతవరకు ఇందుకే: అది కలిస్తే పోత తక్కువ తరిగి, అక్షరం అంచులు పదునుగా వస్తాయి.

ఆవిరి యంత్రంతో పేరు తెచ్చుకున్న జేమ్స్ వాట్ ముసలితనంలో బొమ్మల సైజు మార్చే పిచ్చిలోనే పడ్డాడు. ఇంటి పై గదిలో విగ్రహాలకు నకళ్లు చెక్కే యంత్రాలు కట్టాడు. ఒకటి ఉన్న సైజులో, ఇంకొకటి తగ్గించి చెక్కేది. ఆ గది సామగ్రి ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. 1830ల్లో పారిస్‌లో అషిల్ కొలాస్ అలాంటి యంత్రంతోనే పెద్ద శిల్పాలను బల్ల మీద పెట్టుకునే సైజుకు దించాడు. నాణేల టంకశాలలదీ చాలాకాలం అదే దారి: కళాకారుడు పళ్లెమంత బొమ్మ చేస్తే, ఒక సూది దాని మీద తడుముతూ పోయేది, రెండో కొసన ఉన్న ఉలి ఉక్కు మీద దాన్ని నాణెమంత చెక్కేది.

మట్టి చేసిన పని ఇప్పుడు రసాయనాలు చేస్తున్నాయి. నరసరావుపేటలో పళ్ల డాక్టరు నోటి అచ్చు తీయడానికి వాడే ముద్ద ఆల్జినేట్, సముద్రపు నాచు నుంచి వచ్చే పదార్థం. అందులో ఎక్కువ భాగం నీరే. ఆలస్యం చేస్తే ఆరి కుంచించుకుపోతుందని డాక్టర్లు వెంటనే ప్లాస్టర్ పోసేస్తారు. చిన్న బొమ్మలు చేసేవాళ్లు మాత్రం దాన్ని కావాలనే ఆరనిస్తారు. బొమ్మను పెంచాలంటే హైడ్రోస్పాన్ అనే రబ్బరులాంటి పదార్థం ఉంది. దానితో పోతపోసిన బొమ్మను నీళ్లలో నానబెడితే పొడవులో 60 శాతం దాకా ఉబ్బుతుంది. అంటే ఘనపరిమాణంలో నాలుగు రెట్లు! ఉబ్బిన బొమ్మకు సిలికోన్ అచ్చు తీసి, అందులో రెజిన్ పోస్తే కొత్త సైజు స్థిరపడుతుంది.

అయితే అచ్చుకు ఒక గుడ్డితనం ఉంది. వేలికీ, వేలి ఉంగరానికీ ఒకే తరుగు వేస్తుంది. బొమ్మ నిలబడాలంటే కాలు కొంచెం లావుగా ఉండాలని దానికి తెలియదు. మాచర్ల దగ్గరి దుర్గిలో రాయి చెక్కే శిల్పులకు తెలుసు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ ఊరి శిల్పాలకు అచ్చు లేదు, ఉలే ఉంది. శిల్పశాస్త్రపు తాళమానంలో ముఖం పొడవే కొలత. నవతాళ విగ్రహమంటే తొమ్మిది ముఖాల ఎత్తు. ముఖాన్ని బెత్తెడుగా తీసుకున్నా మూరెడుగా తీసుకున్నా తక్కిన ఒళ్లు దాని వెంట నడుస్తుంది. నగల మీద ఎన్ని పూసలు చెక్కాలన్నది మాత్రం శిల్పి ఇష్టం.

నాగార్జునకొండ మ్యూజియంలోని స్తూప ఫలకాల దగ్గర ఈ తేడా కళ్లకు కడుతుంది. పల్నాటి సున్నపురాయి పలక మీద మహాస్తూపాన్నే చిన్నది చేసి చెక్కారు. ప్రాకారపు స్తంభాలను పలకలో పట్టినన్నే ఉంచారు. ముంగిట ఉండే ఆయక స్తంభాలను మాత్రం తగ్గించలేదు, అయిదూ చెక్కారు.