కయోటీ పట్టుబడిన చోట మళ్ళీ బోను అమర్చడం

ఒక కయోటీ పట్టుబడిన స్థలంలోనే, లేదా దానికి ఒకటి రెండు బారల దూరంలో, మరొక కయోటీ కోసం తిరిగి బోను పెట్టడం ఉత్తర అమెరికాలో చిరకాలంగా వాడుకలో ఉన్న పద్ధతి. గొర్రెల మందలను కాపాడుకోవాలనుకునే పశుపాలకులు, చర్మాల కోసం వేటాడేవారు, రేడియో కాలరు తగిలించి జంతువుల సంచారాన్ని అధ్యయనం చేసే పరిశోధకులు ఈ పద్ధతిని అనుసరిస్తారు. ఒకసారి ఆపద ఎదురైన చోటికి తెలివిగల జంతువులు మరల రావని సామాన్యంగా అనుకుంటాము. కయోటీల విషయంలో తరచుగా దీనికి విరుద్ధంగా జరుగుతుంది. ఆ కారణాలను, తిరిగి అమర్చేటప్పుడు ఎదురయ్యే చిక్కులను ఈ వ్యాసంలో చూడవచ్చు.

కయోటీ స్వభావం

కయోటీ శునక కుటుంబానికి చెందిన జంతువు. దీని శాస్త్రీయ నామం కేనిస్ లాట్రాన్స్. థామస్ సే అనే అమెరికన్ ప్రకృతి శాస్త్రవేత్త 1823లో దీనిని శాస్త్రీయంగా వర్ణించాడు. మెక్సికో దేశపు నహువాట్ల్ భాషలోని 'కొయోట్ల్' అనే మాట స్పానిష్ భాష ద్వారా ఆంగ్లంలోకి చేరి కయోటీ అయింది. ఇది తోడేలు కంటే చిన్నది, మన నక్క కంటే కొంత పెద్దది. బరువు సాధారణంగా 9 నుండి 20 కిలోల వరకు ఉంటుంది. దీనిని తోడేలు అనడం గాని గుంటనక్క అనడం గాని సరికాదు కనుక ఇక్కడ కయోటీ అనే పేరునే వాడుతున్నాము.

ఒక ఆడ, ఒక మగ జంటగా కూడి, కొన్ని పెరిగిన పిల్లలతో కలిసి, ఒక నిర్ణీత ప్రాంతాన్ని తమ క్షేత్రంగా చేసుకుంటాయి. ఆహార లభ్యతను బట్టి ఇది కొన్ని చదరపు కిలోమీటర్ల నుండి పదుల చదరపు కిలోమీటర్ల వరకు ఉండవచ్చు. క్షేత్రంలో అవి ఇష్టం వచ్చినట్లు తిరగవు. కంచె వెంబడి, వాగు ఒడ్డున, బండ్ల బాటల మీద, రెండు పొలాలు కలిసే మూలల గుండా నడవడం వాటి అలవాటు. దారి పొడవునా మూత్రంతో, మలంతో, కాళ్ళతో నేలను గీకి గుర్తులు పెడతాయి. ఎరిక్ గీస్, రాబర్ట్ రఫ్ అనే శాస్త్రవేత్తలు యెల్లోస్టోన్ జాతీయ వనంలోని లామార్ లోయలో జరిపి 1997లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, ఇటువంటి గుర్తులను ప్రధాన జంట ఎక్కువగా పెడుతుంది. అవి క్షేత్రం మధ్యలో కంటే సరిహద్దుల వద్ద అధికంగా కనిపిస్తాయి. ఏ క్షేత్రమూ లేని ఒంటరి కయోటీలు ఈ సరిహద్దుల వెంట తిరుగుతూ, ఎక్కడ చోటు ఖాళీ అవుతుందా అని కనిపెట్టుకొని ఉంటాయి. ఈ వ్యాస విషయానికి మూలం ఇదే.

కాలి బోను

తెలుగులో బోను అనగానే పులిని బంధించే ఇనుప చువ్వల పెట్టె గుర్తుకు వస్తుంది. కయోటీ అటువంటి పెట్టెలోకి సాధారణంగా అడుగు పెట్టదు. దాని కోసం వాడేది ఆంగ్లంలో ఫుట్‌హోల్డ్ ట్రాప్ అనబడే కాలి బోను. దీనికి రెండు ఇనుప దవడలు, వాటిని మూసే స్ప్రింగులు, మధ్యలో చిన్న పళ్ళెం ఉంటాయి. పళ్ళెం మీద అడుగు పడగానే దవడలు మూసుకొని పాదాన్ని పట్టుకుంటాయి. బోనుకు గొలుసు, మెలిపడకుండా తిరిగే కీళ్ళు ఉంటాయి. గొలుసు చివరను భూమిలో లోతుగా దిగగొట్టిన ఇనుప గూటానికి తగిలిస్తారు. చిక్కిన జంతువు మనిషి వచ్చేదాకా ప్రాణంతోనే ఉంటుంది. పరిశోధకులకు ఇది ఉపయోగపడటానికి కారణం అదే. ఈ రకపు బోనులను 19వ శతాబ్దంలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒనైడా సముదాయం పెద్ద ఎత్తున తయారు చేసింది. సీవెల్ న్యూహౌస్ రూపొందించిన నమూనా వారికి ఆధారం. అదే సముదాయం నుండి పుట్టిన సంస్థ తరువాతి కాలంలో చెంచాలకు, ఫోర్కులకు పేరుపొందడం ఒక వింత.

ఎక్కువగా వాడుకలో ఉన్న అమరికలో, ఏదో జంతువు తిండి దాచుకున్నదా అనిపించేలా ఏటవాలుగా ఒక చిన్న గుంట తవ్వి, అందులో ఎర పెట్టి, దానికి జానెడు ముందుగా బోనును పాతి, జల్లెడ పట్టిన మెత్తని మట్టిని పైన పలుచగా కప్పుతారు. గుంటకు వెనుక ఒక గడ్డి దుబ్బో రాయో ఉంటే జంతువు ఎదురుగానే వస్తుంది. పాదం ఎక్కడ పడుతుందో ముందే ఊహించగలగడం ఈ అమరికకు ప్రాణం.

పట్టు వలయం

చిక్కిన కయోటీ గొలుసు పొడవు మేరకు గూటం చుట్టూ తిరుగుతుంది. గడ్డిని పీకుతుంది, మట్టిని తవ్వుతుంది, అందిన కొమ్మలను కొరుకుతుంది. తెల్లవారేసరికి అక్కడ ఒకటిన్నర నుండి రెండున్నర మీటర్ల వ్యాసంతో గుండ్రని బోడి నేల ఏర్పడుతుంది. వేటగాళ్ళు దీనిని క్యాచ్ సర్కిల్ అంటారు. తెలుగులో స్థిరపడిన మాట లేదు కనుక పట్టు వలయం అందాము.

మనిషి కంటికి ఇది కేవలం చెదిరిన నేల. కయోటీ ముక్కుకు మాత్రం ఇందులో చాలా సమాచారం ఉంటుంది. ఇక్కడ మరొక కయోటీ చాలాసేపు ఉన్నదని, అది మూత్రం, మలం విడిచిందని, మట్టిని గోళ్ళతో గీకిందని ఆ వాసనలు తెలుపుతాయి. సరిహద్దు గుర్తుల వద్ద సహజంగా ఉండేవి కూడా ఇవే, కాకపోతే ఇక్కడ అనేక రెట్లు ఎక్కువ. ఏ సీసాలోని వాసన ద్రవ్యమూ దీనికి సాటి రాదని అనుభవజ్ఞులైన వేటగాళ్ళ అభిప్రాయం. పక్క క్షేత్రపు కయోటీ అయితే తన గుర్తును దీనిపై వేయడానికి వస్తుంది. తప్పిపోయిన జంతువు జతగాడో పిల్లో అయితే వెతుక్కుంటూ వస్తుంది. ఒంటరిగా తిరిగేది కూడా ఆరా తీయకుండా పోదు. తాజాగా కదిలిన మట్టి వాటిని ఆకర్షిస్తుందనేది పరిశోధకులు కూడా ఉపయోగించుకున్న సంగతి. 1970 దశకంలో అమెరికాలో కయోటీల సంఖ్యను అంచనా వేయడానికి, జల్లెడ పట్టిన మట్టిని గజం వెడల్పు వృత్తంగా పరచి, మధ్యలో వాసన ద్రవ్యం ఉంచి, మరునాడు అడుగుజాడలను లెక్కించేవారు.

వాసన ఒక కారణం కాగా, స్థలం రెండవ కారణం. మొదటి కయోటీ అక్కడ పట్టుబడిందంటే అది వాటి దారిలో ఉన్నదని రుజువైనట్లే. ఒక జంతువు పోయినా దారి అక్కడే ఉంటుంది.

తిరిగి అమర్చే విధానం

ఈ పనిని అక్కడి వేటగాళ్ళు రీమేక్ అంటారు. సినిమాల వల్ల మనకు బాగా పరిచితమైన మాట ఇది. కాని పాత అమరికను ఉన్నది ఉన్నట్లుగా మళ్ళీ పెట్టడం ఇక్కడ సరిపోదు. మొదటిసారి అమర్చినప్పుడు చుట్టూ గడ్డి ఉండి, జంతువు రావలసిన దిక్కు ఒక్కటే ఉండేది. ఇప్పుడు నేలంతా బోడి. కొత్తగా వచ్చిన కయోటీ వలయంలో ఏ మూలనైనా నిలబడవచ్చు, నడిమికి రాకుండా అంచు వెంట చుట్టి పోవచ్చు. ఆకర్షణ పెరిగినకొద్దీ పాదం పడే చోటు అనిశ్చితమవుతుంది. పట్టు వలయం వద్ద అడుగుజాడలు ఎన్నో కనిపించినా బోను ఖాళీగా ఉండటానికి కారణం సాధారణంగా ఇదే.

దీనికి రెండు మూడు పరిష్కారాలు ఉన్నాయి. మొదటిది, పాత చోటనే గుంటను సరిచేసి, వెనుక ఒక గడ్డి దుబ్బును నాటి, నేలకు మళ్ళీ ఒక ముఖం కల్పించి బోను పాతడం. రెండవది, వలయం అంచున, బోడి మట్టి గడ్డిని తాకే చోట, అదనంగా ఒకటి రెండు బోనులు పెట్టడం. చాలామంది రెండింటినీ కలిపి చేస్తారు. అంచున పెట్టే బోనుకు వేరే ఎర అవసరం ఉండదు. పట్టుబడిన కయోటీ మలాన్ని ఒక పుల్లతో తీసి, బోనుకు వెనుకగా ఒక దుబ్బు మొదట ఉంచితే చాలు. ఆ ప్రాంతంలో గాలి ఎక్కువగా ఏ దిక్కు నుండి వీస్తుందో గమనించడం ముఖ్యం. కయోటీ గాలికి ఎదురుగా, వాసన వచ్చే వైపు ముక్కు పెట్టి వస్తుంది కనుక, గాలి వాలున ఉన్న అంచు మీద అడుగు పడే అవకాశం ఎక్కువ.

వాడిన బోనునే మళ్ళీ పాతవచ్చునా అనే విషయంలో ఏకాభిప్రాయం లేదు. దానికి అంటిన వాసన కయోటీదే కనుక భయం లేదని కొందరంటారు. వాసన బోనుకే అంటి ఉంటే వచ్చిన జంతువు సరిగ్గా అక్కడే తవ్వి బోనును బయటపెడుతుందని, కాబట్టి శుభ్రంగా ఉడికించిన వేరే బోను పెట్టాలని మరికొందరంటారు. రెండవ వాదనే సబబుగా తోస్తుంది. వాసన ఉండవలసింది చుట్టూ నేల మీద గాని మట్టి కింద దాగిన ఇనుము మీద కాదు. గూటం సంగతి మాత్రం వివాదం లేనిది. రాత్రంతా లాగబడిన గూటం చుట్టూ మట్టి వదులవుతుంది. దానిని పరీక్షించకుండా వదిలేస్తే తరువాత చిక్కిన జంతువు గొలుసు, బోనులతో సహా పారిపోయి, ఎక్కడో పొదలో నరకయాతన పడి చనిపోతుంది. అన్ని పనులలోకీ ముందు చేయవలసినది ఈ పరీక్ష.

ఏ వేళ, ఏ ఋతువు

శరదృతువులో ఈ పద్ధతి బాగా ఫలిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పుట్టిన పిల్లలు అప్పటికి ఆరు నెలల వయసు దాటి, పుట్టిన క్షేత్రాన్ని విడిచి పోవడం మొదలుపెడతాయి. వాటికి అనుభవం తక్కువ, కుతూహలం ఎక్కువ. ఒకే ఈతలోని తోబుట్టువులు ఒకే వలయం వద్ద వరుసగా పట్టుబడటం వేటగాళ్ళకు తెలిసిన సంగతే. జనవరి నుండి మార్చి వరకు జతకట్టే కాలం. అప్పుడు మూత్రపు గుర్తులపై పెద్దవాటి ఆసక్తి ఎక్కువగా ఉంటుంది.

పెద్ద కయోటీ తన క్షేత్రం నడుమ ఉన్నప్పుడు మాత్రం విషయం వేరు. అక్కడి ప్రతి రాయీ ప్రతి పొదా దానికి తెలిసినవే. కొత్తది ఏది కనబడినా దూరంగా ఉంటుంది. లామార్ విండ్‌బర్గ్, ఫ్రెడరిక్ నోల్టన్ దక్షిణ టెక్సాస్‌లో జరిపి 1990లో ప్రకటించిన అధ్యయనంలో, కయోటీలు తమ క్షేత్రం మధ్యలో కంటే సరిహద్దుల వద్ద, లేదా దానికి వెలుపల, సులభంగా పట్టుబడతాయని తేలింది. కనుక సరిహద్దు మీద ఏర్పడిన పట్టు వలయానికి, క్షేత్రం నడిబొడ్డున ఏర్పడిన దానికి విలువ ఒకటి కాదు. మొదటిదానిని ఇరుగు పొరుగు గుంపులు, ఒంటరి సంచారులు అందరూ చూస్తారు. రెండవదానిని చూసేది సాధారణంగా మిగిలిన ఆ ఒక్క కుటుంబమే. జతను కోల్పోయిన పెద్ద కయోటీ ఆ బోనును చూసి ఉంటే, దానిని అదే అమరికతో మళ్ళీ పట్టడం కష్టం.

ఖాళీ అయిన క్షేత్రం

అదే చోట మళ్ళీ మళ్ళీ కయోటీలు పట్టుబడటం వేటగాడికి సంతోషకరమే. గొర్రెల యజమానికి మాత్రం ఇది ఆలోచించవలసిన విషయం. పాత జంట పోగానే ఒంటరి సంచారులు ఆ క్షేత్రంలోకి ప్రవేశిస్తాయి. బోనుకు దొరికే రెండవ, మూడవ కయోటీ తరచుగా ఇలా వచ్చిన కొత్తదే.

కాలిఫోర్నియాలోని హాప్‌లాండ్ పరిశోధనా కేంద్రంలో బెంజమిన్ సాక్స్, మైఖేల్ జేగర్, కరెన్ బ్లెజ్వాస్ తదితరులు 1990 దశకంలో రేడియో కాలర్ల సాయంతో చేసిన పరిశోధన ఇక్కడ ప్రస్తావించదగినది. గొర్రెపిల్లలను చంపుతున్నవి ప్రధానంగా ఆ మేత భూమిని తమ క్షేత్రంగా చేసుకున్న పెద్ద జంటలే. బోనులలో సులభంగా చిక్కుతున్నవి పిల్ల కయోటీలు. అంటే బోనులో పడుతున్నది ఒకటి, నష్టం చేస్తున్నది మరొకటి. ఆ పెద్ద జంటనే గుర్తించి తొలగించినప్పుడు నష్టం తగ్గింది. కాని కొత్త జంట వచ్చి స్థిరపడిన తరువాత మళ్ళీ మొదలైంది. గై కొనోలీ, విలియం లాంగ్‌హర్స్ట్ 1975లో ప్రకటించిన గణిత నమూనా ప్రకారం, ఏటా 75 శాతం కయోటీలను తొలగించినా అవి అంతరించడానికి 50 ఏళ్ళకు పైగా పడుతుంది. అమెరికా ప్రభుత్వం 1915 నుండి వేటజంతువుల నిర్మూలనకు నిధులు కేటాయించి, 1931లో అందుకు ప్రత్యేక చట్టం కూడా చేసింది. అయినా ఆ శతాబ్దంలోనే కయోటీలు పశ్చిమ మైదానాల నుండి అట్లాంటిక్ తీరం వరకు వ్యాపించాయి.

చట్టాలు, విమర్శలు

బోనులను ఎంత తరచుగా చూసుకోవాలో ఆయా రాష్ట్రాల చట్టాలు నిర్ణయిస్తాయి. అనేక రాష్ట్రాల్లో 24 గంటలకు ఒకసారి చూడాలి. పశ్చిమాన కొన్ని రాష్ట్రాలలో గడువు ఇంతకంటే ఎక్కువ. పట్టు వలయం వద్ద ఒకటికి మించి బోనులు ఉన్నప్పుడు ఈ నియమం మరింత అవసరం. అక్కడి వాసనకు రకూన్లు, నక్క జాతులు, పెంపుడు కుక్కలు కూడా వస్తాయి. ఒక బోనులో జంతువు చిక్కి ఉండగా దాని గొలుసు మేరలో రెండవ బోను ఉంటే, మరొక కాలు కూడా అందులో పడవచ్చు. అందువల్ల రెండు బోనుల మధ్య తగినంత దూరం ఉంచాలి. గాయాలను తగ్గించడానికి రబ్బరు అంచు గల దవడలు వాడుకలోకి వచ్చాయి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక ప్రాణి రాత్రంతా కాలు చిక్కి పెనుగులాడటం క్రూరమేనని చాలామంది అభిప్రాయం. పట్టు వలయాన్ని చూసినవారికి ఆ పెనుగులాట ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఐరోపా సమాజం 1991లో కాలి బోనులను నిషేధిస్తూ నిబంధన చేసింది. కొలరాడోలో 1996లో, కాలిఫోర్నియాలో 1998లో ప్రజల ఓటు ద్వారా వీటిపై ఆంక్షలు వచ్చాయి. న్యూ మెక్సికోలో 2018లో రాక్సీ అనే పెంపుడు కుక్క ఉచ్చులో చిక్కి చనిపోగా, దాని పేరుతో పిలువబడే చట్టం 2021లో ఆమోదం పొంది, మరుసటి సంవత్సరం ప్రభుత్వ భూములలో అమలులోకి వచ్చింది.

భారతదేశంలో కయోటీలు లేవు. వాటికి దగ్గరి బంధువైన నక్క వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షిత జంతువు. ఆ చట్టంలో వేట అనే పదానికి బోను, ఉచ్చులతో పట్టడం కూడా అర్థంగా చేర్చబడింది. మన గొల్ల, కురుమ కాపరులు మందను రాత్రివేళ కంచెలోకి తోలి కుక్కలను కాపలా ఉంచుతారు. అమెరికాలో కూడా 1970 దశకం నుండి గొర్రెల పెంపకందారులు గ్రేట్ పిరనీస్ వంటి కాపలా కుక్కలను ఎక్కువగా పెంచుతున్నారు. ఆ కుక్కలను వదిలిన మేత భూములలో కాలి బోనులు పెట్టడానికి వీలుండదు, ఎందుకంటే పట్టు వలయం వాసనకు ముందుగా వచ్చేవి ఆ కుక్కలే.