ఎనిమిది కార్లు, ఒకే వలయం

ఒంటి లైను మీద రెండు రైళ్లు ఎదురెదురుగా రాకుండా చూసేందుకు మన రైల్వేలో ఒక పాత పద్ధతి ఉంది. స్టేషన్ నుంచి టోకెన్ బంతి అందితేనే డ్రైవరు బండిని ముందు సెక్షన్‌లోకి నడపాలి. ఖరగ్‌పూర్‌లోనూ, అక్కడి నుంచి విశాఖ వైపు వెళ్లే లైన్లో ఉన్న హిజ్లీలోనూ తరతరాలుగా ఉంటున్న తెలుగు రైల్వే కుటుంబాలకు ఇది కొత్త విషయం కాదు. ఎవరు ఎప్పుడు కదలాలన్న విషయంలో అందరికీ ఒకే లెక్క ఉండాలి. సరిగ్గా ఇదే చిక్కు వీడియో గేమ్ పార్లర్ల కోసం యంత్రాలు తయారుచేసిన ఇంజనీర్లకూ ఎదురైంది.

నాణెం వేసి ఆడే నిలువెత్తు యంత్రాన్ని ఆర్కేడ్ క్యాబినెట్ అంటారు. జపాన్ సంస్థ నామ్‌కో 1987లో తెచ్చిన 'ఫైనల్ ల్యాప్' కార్ల పందెంలో, యంత్రాలను కలిపి ఎనిమిది మంది దాకా ఒకేసారి పోటీ పడవచ్చు. సెగా సంస్థ 'వర్చువా రేసింగ్' (1992), 'డేటోనా యూఎస్‌ఏ' (1994) ఆ బాటలోనే వచ్చాయి. ఎవరి తెర వారిది, ఎవరి స్టీరింగు వారిది, రోడ్డు మాత్రం అందరిదీ. నిజానికి ఆ ఉమ్మడి రోడ్డు ఎక్కడా లేదు. ఎనిమిది యంత్రాల్లో ఎనిమిది ప్రతులున్నాయి. అవి ఒకదానితో ఒకటి పొసగాలి, అంతే.

సెగా యంత్రాలు ఇందుకు ఆప్టికల్ ఫైబర్‌ను వాడాయి. మొదటి యంత్రం నుంచి బయటికి వచ్చే తీగ రెండోదానిలోకి, రెండోదాని నుంచి మూడోదానిలోకి, చివరిదాని నుంచి తిరిగి మొదటిదానిలోకి వెళ్తుంది. ఒకదాన్ని 'మాస్టర్'గా నిర్ణయిస్తారు. అది ఒక అంకెను పంపితే, దారిలో ఉన్న ప్రతి యంత్రమూ దానికి ఒకటి కలిపి ముందుకు తోస్తుంది. తిరిగి వచ్చిన అంకెను చూస్తే వలయంలో ఎందరున్నారో మాస్టర్‌కు తెలిసిపోతుంది. బడిలో పిల్లలు వరసగా నిలబడి లెక్క చెప్పినట్టే!

రాగి తీగ కాకుండా కాంతి ఎందుకు? పార్లర్లో మోటార్లు, తెరలు, పవర్ సప్లైలు విద్యుత్ అలజడి పుట్టిస్తాయి. పైగా రెండు యంత్రాల ఎర్తింగ్ మధ్య కొద్ది తేడా ఉన్నా రాగి తీగలో అనవసరపు కరెంటు పారుతుంది. ఫైబర్‌కు ఆ బెడద లేదు.

కాంతికి పట్టే సమయం అసలు సమస్యే కాదు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. అంత పొడవు ఫైబర్‌ను కాంతి సుమారు 5.4 మైక్రోసెకన్లలో దాటేస్తుంది. (పార్లర్‌లో వాడే ప్లాస్టిక్ ఫైబర్ అంత దూరం పనిచేయదనుకోండి.) తెరమీద ఒక్క బొమ్మ మారే వ్యవధి సుమారు 17 మిల్లీసెకన్లు, అంటే దానికి మూడు వేల రెట్లకు పైనే. ఆలస్యం వచ్చేది ప్రతి యంత్రమూ సమాచారాన్ని చదివి, తన వంతు కలిపి, ముందుకు పంపేటప్పుడు.

ఆ ఆలస్యం చిన్నదేమీ కాదు. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క బొమ్మ వ్యవధిలో దాదాపు మీటరు దూరం కదులుతుంది. నా తెరమీద మీ కారును తాకాను, మీ తెరమీద మాత్రం మీరు తప్పించుకున్నారు. ఇందులో ఏది నిజం? ఇలాంటి ఆటల్లో రెండు దారులున్నాయి. కార్ల స్థానాలు పంపుకుంటే చిన్న తేడాలను సర్దుకోవచ్చు, గానీ ఢీకొన్న చోట వాదన తప్పదు. స్టీరింగు, బ్రేకు కదలికలను మాత్రమే పంపుకుంటే వాదన ఉండదు. కానీ అందరూ అందరి కోసం ఆగాలి, ఒక్క యంత్రం లెక్క తప్పినా అక్కడి నుంచి రెండు వేర్వేరు పందేలు నడుస్తాయి.

వలయానికి ఇంకో బలహీనత ఉంది. ఒక్క యంత్రం ఆగిపోతే గొలుసు తెగిపోతుంది, మిగతా ఏడూ బాగున్నా సరే. రైల్వేలో టోకెన్ యంత్రం పనిచేయకపోతే బండి ఆగుతుంది, రాతపూర్వక అనుమతి వచ్చాకే కదులుతుంది. పార్లర్‌లో అంత నిష్ఠ అక్కర్లేదు. సిబ్బంది క్యాబినెట్ తలుపు తీసి, టెస్ట్ మెనూలో 'మాస్టర్', 'స్లేవ్' బదులు 'సింగిల్' ఎంచుకుంటారు. పాడైన యంత్రం బాగయ్యేదాకా మిగిలిన వారు ఎవరి పందెం వారు ఒంటరిగా ఆడుకుంటారు.