పోషన్ తాగితే టర్న్ పోవాలా? ఫైట్‌లో ఒక హౌస్ రూల్ కథ

ఈ రోజు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఫైట్‌లో మనం సొంతంగా పెట్టుకునే రూల్స్, అంటే హౌస్ రూల్స్ గురించి మాట్లాడుకుందాం.

ముందు నా తప్పు చెప్తా. డంజన్ మాస్టర్‌గా నా మొదటి గేమ్‌లో ఐదుగురు ప్లేయర్లు. ఒక్కో టర్న్‌కి మూడు నిమిషాలు, నా రాక్షసులకి ఇంకో ఐదు. మా ఫ్రెండ్ ఒకడు పావుగంట పైనే ఆగి, తన టర్న్ రాగానే హీలింగ్ పోషన్ తాగాడు. అంతే, టర్న్ అయిపోయింది! 2014 రూల్స్‌లో పోషన్ తాగడానికి ఒక యాక్షన్ మొత్తం ఖర్చవుతుంది మరి. మామూలు పోషన్‌తో వచ్చేది 4 నుంచి 10 హిట్ పాయింట్లు. తర్వాతి దెబ్బకి అవీ పోయాయి. పై వారం వాడు ఆటకి రాలేదు.

అందుకే చాలామంది దాన్ని బోనస్ యాక్షన్ చేసుకున్నారు. తాగొచ్చు, అదే టర్న్‌లో కొట్టొచ్చు. 2024 రూల్‌బుక్‌లో ఇదే అసలు రూల్ అయింది.

కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. హీలింగ్ వర్డ్ కూడా బోనస్ యాక్షనే. పోషన్లు మరీ ఎక్కువ పంచితే మీ క్లెరిక్‌కి పని తగ్గిపోతుంది. అందుకని రూల్ మార్చే ముందు అందర్నీ అడగండి. ఫైట్ మధ్యలో మాత్రం మార్చొద్దు. లైవ్‌లో ఉన్న కోడ్‌ని ఎవరైనా కెలుకుతారా?

నేను వాడికి ఫోన్ చేసి కొత్త రూల్ చెప్పా. "అయితే ఇప్పుడు తాగి కొట్టొచ్చా?" అన్నాడు. ఆదివారం అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు.