నానమ్మను చూసుకోవడానికి మనిషిని పెట్టుకుంటున్నారా?



హోమ్‌వర్క్ ఎందుకు కాలేదని అడిగితే "నానమ్మ దగ్గర కూర్చున్నా టీచర్" అని చెప్పే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. నానమ్మ మంచం పట్టింది. అమ్మానాన్నలిద్దరూ పనికి వెళ్లాలి. ఇలాంటప్పుడు పాలకుర్తి నుంచి వరంగల్‌కో హైదరాబాద్‌కో ఫోన్ చేసి, ఏజెన్సీ ద్వారా కేర్‌టేకర్‌ను పిలిపించుకుంటాం. అది తప్పు కాదు, చాలా ఇళ్లకు అదే దారి. అయితే ఏజెన్సీకి పేరున్నంత మాత్రాన మన ఇంటికి వచ్చే మనిషికి పని వచ్చని అనుకోలేం. ఆ సంగతి మనమే చూసుకోవాలి.

ముందు అవసరం తేల్చుకోండి. స్నానం, భోజనం, బట్టలు మార్చడం, నడిపించడం వంటి పనులకు శిక్షణ పొందిన అటెండెంట్ చాలు. ఇంజెక్షన్, సెలైన్, మూత్రపు గొట్టం మార్చడం, పుండ్లకు డ్రెస్సింగ్ లాంటివి నర్సు పనులు. ఏఎన్‌ఎం రెండేళ్లు, జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల చదువు. "మా దగ్గర అందరూ నర్సులే" అని ఏజెన్సీ అంటే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమనండి. అటెండెంట్ అయితే ఎక్కడ శిక్షణ తీసుకున్నారో, ఇంతకుముందు ఎవరిని చూసుకున్నారో అడగండి. వీలైతే ఆ ఇంటివాళ్లతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడండి.

మనిషి వివరాలు మీ దగ్గర ఉండాలి. ఆధార్ కాపీ, ఫొటో, సొంతూరి చిరునామా తీసుకోండి. ఆ వివరాలు పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి వెరిఫికేషన్ చేయించండి. ఇది అనుమానం కాదు, పద్ధతి. ఏజెన్సీతో ఒప్పందం కాగితం మీద ఉండాలి. ఏయే పనులు చేస్తారు, సెలవు పెడితే ఎవరు వస్తారు, ఫిర్యాదు ఎవరికి చెప్పాలి అన్నవి అందులో రాయించండి.

మొదటి వారం దగ్గరుండి చూడండి. కదల్లేని వాళ్లను దాదాపు రెండు గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టాలి. లేకపోతే వీపు కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడి పుండ్లు పడతాయి. తినిపించేటప్పుడు కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంట వరకు పడుకోనివ్వకూడదు. పడుకోబెట్టి తినిపిస్తే ముద్ద శ్వాసనాళంలోకి పోయి న్యుమోనియా రావచ్చు. ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కుంటున్నారా, బాత్‌రూమ్‌కు తీసుకెళ్లేటప్పుడు చేయి వదలకుండా పట్టుకుంటున్నారా గమనించండి.

మంచం పక్కన ఒక నోట్‌బుక్ పెట్టండి. ఏ మందు ఏ టైముకు ఇచ్చారు, ఎంత తిన్నారు, మూత్రం, విరేచనం, బీపీ, షుగర్ అన్నీ అందులో రాయాలి. మనం పిల్లలకు పెట్టే స్కూల్ డైరీ లాంటిదే ఇది. రాత్రి ఇంటికి రాగానే ఐదు నిమిషాలు చదివితే పగలు ఏం జరిగిందో తెలుస్తుంది.

వచ్చిన మనిషి కూడా మనిషే. ఒక్కరినే పగలూ రాత్రీ పెట్టుకుంటే ఆమెకు నిద్ర ఎప్పుడు? నిద్రలేని మనిషి మందు మార్చి ఇవ్వడానికి, పట్టు తప్పి పెద్దావిడను పడేయడానికి ఎంతోసేపు పట్టదు. విశ్రాంతి గంటలు, వారానికో సెలవు, వేళకు భోజనం ఇవ్వండి. మనం ఏజెన్సీకి కట్టే డబ్బులో ఆమె చేతికి ఎంత అందుతుందో కూడా అడగండి. జీతం సరిగ్గా అందని వాళ్లు ఎక్కువ రోజులు నిలవరు. మనుషులు మారిపోతూ ఉంటే పెద్దవాళ్లు బెంబేలు పడతారు.

ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయకండి. కారణం చెప్పలేని కమిలిన మచ్చలు, ఉన్నట్టుండి బరువు తగ్గడం, పగలంతా మత్తుగా ఉండటం, కేర్‌టేకర్ రాగానే పెద్దవాళ్లు మాట ఆపేయడం. అలాంటప్పుడు ఆమె లేని సమయంలో పెద్దవాళ్లతో నెమ్మదిగా మాట్లాడండి, డాక్టర్‌కు చూపించండి. వృద్ధుల కోసం ఉన్న ఎల్డర్‌లైన్ నంబర్ 14567కు ఫోన్ చేస్తే సలహా, సాయం ఉచితంగా అందుతాయి. ప్రాణం మీదికి వస్తే 108, పోలీసు సాయానికి 112.

డబ్బు పెట్టలేని ఇళ్లకూ దారి ఉంది. క్యాన్సర్‌తోనో, నయం కాని జబ్బుతోనో మంచం పట్టిన వాళ్ల కోసం ప్రభుత్వ పాలియేటివ్ కేర్ సిబ్బంది ‘ఆలన’ వాహనంలో ఇంటికే వచ్చి చూస్తారు. మీ ఆశా కార్యకర్తను గానీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ అడగండి.

ఇక మన పిల్లల సంగతి. నానమ్మకు నీళ్లు ఇవ్వడం, పేపర్ చదివి వినిపించడం, కబుర్లు చెప్పడం పిల్లలు చేయాల్సిన పనులే. మందులు ఇవ్వడం, కేర్‌టేకర్ మీద కాపలా ఉండటం మాత్రం వాళ్లకు అప్పగించకండి. ఏదైనా పొరపాటు జరిగితే అది తన వల్లేనని ఆ పసిమనసు కుమిలిపోతుంది. "ఇవాళ నానమ్మ ఎలా ఉంది?" అని రోజూ అడగండి, చెప్పింది శ్రద్ధగా వినండి. కొత్త మనిషి దగ్గర పిల్లలకే ఇబ్బందిగా ఉంటే అది కూడా భయపడకుండా చెప్పేలా చూడండి.

ఇంట్లో పెద్దవాళ్లకు బాగోలేకపోతే స్కూల్ డైరీలో ఒక్క మాట రాయండి. హోమ్‌వర్క్ విషయంలో మేం కూడా చూసీచూడనట్టు పోతాం.

— మీ క్లాస్ టీచర్