వంద డైవ్‌ల కార్డు, ఇరవై ఏళ్ల అన్న

స్కూబా ఇన్‌స్ట్రక్టర్ అవ్వాలంటే కనీసం ఎన్నిసార్లు నీళ్లలోకి దిగి ఉండాలో తెలుసా? ప్యాడీ సంస్థ లెక్క ప్రకారం 100 డైవ్‌లు. మొదటి సర్టిఫికెట్ వచ్చి 6 నెలలు గడవాలి, మధ్యలో ఇంకొన్ని కోర్సులు చేయాలి, ఆఖర్న పరీక్ష పాసవ్వాలి. అంటే పట్టుదల, దానికి తగ్గ డబ్బు ఉంటే, ఈ సంక్రాంతికి డైవింగ్ నేర్చుకున్న కుర్రాడు వచ్చే సంక్రాంతికి మీకు పాఠం చెప్పొచ్చు. మనలాంటివాళ్లు ముందుగా తీసుకునే ‘ఓపెన్ వాటర్’ కార్డు ఇంకా సులువు. బయటి నీళ్లలో 4 డైవ్‌లు చేస్తే 18 మీటర్ల లోతు దాకా వెళ్లే అర్హత వచ్చేస్తుంది. ఆ కార్డుకి గడువు కూడా లేదు. పదేళ్లు బీరువాలో పడి ఉన్నా చెల్లుతుంది.

అయితే కార్డులన్నీ వేస్టేనా? నేనైతే అలా అనను. ఎందుకంటే రుషికొండలో ఓ వీకెండ్ ఏం జరిగిందో చూశాను.

హైదరాబాద్ నుంచి ఆరుగురం వెళ్లాం. అందరికీ సోమవారం ఆఫీసులే. శని, ఆదివారాలు డైవ్‌లు చేసి, ఆదివారం రాత్రి ఎనిమిదికి ఫ్లైట్ ఎక్కుదామని ప్లాన్. మాతో పాటు ఇరవై ఏళ్లుగా డైవ్ చేస్తున్న అన్న ఒకాయన వచ్చారు. నీళ్లంటే ఆయన తర్వాతే ఎవరైనా. శనివారం పొద్దున మేమింకా సూట్లు వేసుకుంటుంటేనే సముద్రం వైపు ఓ చూపు చూసి, ‘‘ఇప్పుడు దిగితే చెయ్యి చాపితే చెయ్యే కనపడదు, రెండు గంటలాగండి’’ అన్నారు. ఆగాం. ఆయన చెప్పినట్టే నీళ్లు తేటపడ్డాయి. ఏ కోర్సులోనూ ఇది ఇంత బాగా నేర్పరు.

ఆదివారం 11కి ఆఖరి డైవ్ అయ్యాక మా ఫ్లైట్ సంగతి తెలిసి ట్రైనర్ అమ్మాయి వద్దంది. ఆమెకు పాతికేళ్లు కూడా ఉండవు. ‘‘వరసగా రెండు రోజులు డైవ్ చేశారు. కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు’’ అంది.

అన్న నవ్వేశారు. ‘‘పుస్తకంలో అలాగే రాస్తారమ్మా. పొద్దున డైవ్ చేసి సాయంత్రం ఫ్లైట్ ఎక్కిన రోజులు నాకు బోలెడున్నాయి. ఇదిగో, నీ ముందే ఉన్నా కదా!’’

‘‘మీకేం కాలేదు అన్నా, మంచిదే. వీళ్లకి కూడా ఏం కాదని ఎలా చెప్తారు?’’

ఆ అమ్మాయి చెప్పిన లెక్క వెనక కారణం ఇదీ. లోతుకి వెళ్లేకొద్దీ ప్రతి 10 మీటర్లకీ మన మీద ఇంకో వాతావరణమంత పీడనం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లోకి కరిగిపోతుంది. పైకొచ్చాక అది మెల్లగా, గంటల తరబడి బయటికి పోవాలి. ఈలోపు విమానం ఎక్కితే, క్యాబిన్‌లో పీడనం నేల మీద కంటే తక్కువ కాబట్టి, సోడా మూత తీసినట్టు లోపల బుడగలు కట్టొచ్చు. కీళ్ల నొప్పులతో పోవచ్చు, కాళ్లు చచ్చుబడేదాకా వెళ్లొచ్చు. అందరికీ కాదు, ప్రతిసారీ కాదు. ఒకరికి ఏమీ కాకపోవడం ఇంకొకరికి హామీ కాదని ఆ అమ్మాయి చెప్పింది అందుకే. ఒక్కడి అనుభవంలో కనపడని ప్రమాదం, వేలమంది డైవ్‌లు కలిపి చూస్తేనే బయటపడుతుంది.

మాలో ఇద్దరం టికెట్లు క్యాన్సిల్ చేసుకుని రాత్రి ట్రైన్ ఎక్కాం. మిగతా నలుగురూ ఫ్లైట్‌లోనే వెళ్లారు. వాళ్లకేం కాలేదు. ఇప్పుడు వాళ్లు కూడా అన్న చెప్పిందే ఇంకొకరికి చెబుతారు. నాకు భయం అక్కడే.

పైగా రూల్స్ మారుతుంటాయి. ఒకప్పుడు నిమిషానికి 18 మీటర్ల వేగంతో పైకి రావొచ్చని నేర్పేవాళ్లు. 1990ల్లో అమెరికా నేవీ దాన్ని సగానికి, అంటే 9 మీటర్లకు తగ్గించింది. పాత రోజుల్లో నేర్చుకుని, మళ్లీ పుస్తకం ముట్టని సీనియర్ చెప్పే మాటలో ఆ పాత అంకే ఉండొచ్చు.

ఇప్పుడు రెండో వైపు. 2018 జూన్ 23న థాయిలాండ్‌లో థామ్ లువాంగ్ గుహలోకి వెళ్లిన 12 మంది ఫుట్‌బాల్ పిల్లలు, వాళ్ల కోచ్ వరదకి లోపలే చిక్కుకున్నారు. థాయ్ నేవీ సీల్స్ దిగారు. వాళ్ల ధైర్యానికి, శిక్షణకి వంక పెట్టలేం. కానీ ఆ శిక్షణ సముద్రం కోసం. గుహలో పైకి తేలడానికి పైన నీటి మట్టమే ఉండదు, రాయి ఉంటుంది. బురదనీళ్లలో ఏమీ కనపడదు. జులై 2న పిల్లల్ని కనిపెట్టింది ఇద్దరు బ్రిటిషర్లు. రిక్ స్టాంటన్ రిటైరైన ఫైర్‌మన్, జాన్ వొలాంథెన్ ఐటీ ఉద్యోగి. గుహల్లో డైవింగ్ వాళ్ల హాబీ, అదీ ఏళ్ల తరబడి, అలాంటి చీకటి నీళ్లలోనే. పిల్లలకి మత్తిచ్చి బయటికి తేవడానికి వచ్చిన రిచర్డ్ హారిస్ కూడా అంతే. వృత్తి మత్తు డాక్టరు, సరదా గుహ డైవింగ్. ఆ పనికి కావల్సిన రెండూ ఒకే మనిషిలో దొరికాయి. మాజీ సీల్ సమన్ కునాన్ మాత్రం జులై 6న ఆ గుహలోనే ప్రాణాలు వదిలారు.

ఫ్లోరిడాలో నీటి గుహల ముందు మృత్యువు బొమ్మతో ఓ హెచ్చరిక బోర్డు ఉంటుంది. ఇలాంటి గుహల్లో 300 మందికి పైగా డైవర్లు పోయారని, వాళ్లలో ఇన్‌స్ట్రక్టర్లూ ఉన్నారని దాని మీద రాసి ఉంటుంది. ఇన్‌స్ట్రక్టర్లని విడిగా రాశారంటే, ఆ మాట ఎవరు చదవాలని రాశారో ఊహించుకోండి.

అందుకే ఎవరైనా డైవింగ్ సలహా ఇస్తే నేనిప్పుడు కార్డూ అడగను, ఎన్ని డైవ్‌లనీ అడగను. ఒకే రీఫ్‌లో, ఒకే తేటనీళ్లలో 500 సార్లు దిగినవాళ్లుంటారు మరి. ఇలాంటి నీళ్లలో దిగారా, చివరిసారి ఎప్పుడు, ఎందుకలా అంటున్నారు... ఈ మూడు అడుగుతా. ‘‘ఇక్కడ నేను దిగలేదు, తెలిసినవాళ్లని అడగండి’’ అన్నవాళ్ల మాటకి విలువ ఎక్కువిస్తా. ‘ఎందుకు’ అంటే చిరాకుపడేవాళ్లకి దణ్ణం పెట్టి పక్కకొచ్చేస్తా.

మీరు మొదటిసారి ట్రయల్ డైవ్‌కి వెళ్తుంటే ఇంకొక్కటి కూడా అడగండి. వీపుకి కట్టే సిలిండర్‌లో ఉండేది మామూలు గాలే. నైట్రోజన్ బుడగల ఇబ్బంది వస్తే ముందుగా ఇవ్వాల్సింది మాత్రం ఆక్సిజన్. అది బోటులో ఉందా అని అడగండి. ఉందంటే, ఒకసారి చూపించమనండి.