ఈత, సైకిలు, పరుగు: ఒంట్లో ఇంధనం లెక్క

కొల్లాపూర్ ప్రాంతం పటం ఒకటి ముందు పెట్టుకోండి. కృష్ణ ఒడ్డున సోమశిల కనిపిస్తుంది. పొద్దున ఏడు గంటలకు అక్కడ నీళ్లలో దిగి నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువగా ఈదాలి. ఒడ్డెక్కిన వెంటనే సైకిలెక్కి నాగర్‌కర్నూలు మీదుగా హైదరాబాదు దాకా తొక్కాలి. కొల్లాపూర్ నుంచి సుమారు 180 కిలోమీటర్లు. అక్కడ సైకిలు దిగి, మరో 42 కిలోమీటర్లు పరుగెత్తాలి. ఇదంతా ఆ రోజు అర్ధరాత్రి పన్నెండు కొట్టేలోపల ముగియాలి!

ఇది దూరం అర్థం కావడానికి చెప్పిన మాట మాత్రమే సుమా! సోమశిల దగ్గరిది శ్రీశైలం జలాశయం వెనుక నీరు. 2007 జనవరిలో ఇదే కృష్ణలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. ఈత బాగా వచ్చిన పెద్దలు వెంట లేకుండా ఎవరూ ఆ నీళ్లలో దిగకూడదు.

ఈత, సైకిలు, పరుగు కలిసిన ఇలాంటి పోటీని ట్రయథ్లాన్ అంటారు. అందులో ఎంతో కష్టమైన ఒక దూరపు పోటీకి 'ఐరన్‌మాన్', అంటే ఇనుప మనిషి అని పేరు. ఈత 3.86 కిలోమీటర్లు, సైకిలు 180, పరుగు 42.2. సాధారణంగా 17 గంటల గడువు ఉంటుంది. పాల్గొనేవారిలో ఎక్కువమంది వృత్తి క్రీడాకారులు కారు. ఉద్యోగాలు, చదువులు చూసుకుంటూ తెల్లవారుజామున సాధన చేసేవాళ్లే.

దీని పుట్టుక ఒక వాదనలో ఉంది. ఈతగాడు గట్టివాడా, సైకిలు తొక్కేవాడా, పరుగెత్తేవాడా అని హవాయి దీవుల్లో కొందరు వాదించుకున్నారు. అమెరికా నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ కలిసి, అక్కడ అంతకుముందే వేర్వేరుగా జరుగుతున్న మూడు పోటీలను ఒకే రోజులో ఇరికించారు. 1978 ఫిబ్రవరి 18న 15 మంది బయలుదేరితే 12 మంది పూర్తిచేశారు. గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో మొదట వచ్చాడు. రెండోవాడు జాన్ డన్‌బార్. అతని సహాయకుల దగ్గర మంచినీళ్లు అయిపోయి బీరు తాగించారట! నీటి సంగతి ఎంత ముఖ్యమో ముందు ముందు చూద్దాం.

ఇక నాలుగేళ్లు దాటి 1982 ఫిబ్రవరికి వద్దాం. జూలీ మాస్ అనే 23 ఏళ్ల కాలిఫోర్నియా విద్యార్థిని ఈ పోటీకి వచ్చింది. పతకం కోసం కాదు. వ్యాయామం చేసేటప్పుడు శరీరం ఎలా పనిచేస్తుందన్నది ఆమె చదువు. ఆ చదువుకు కావలసిన పరిశోధన కోసం తన శరీరాన్నే ప్రయోగశాలగా చేసుకుందన్నమాట. చిత్రమేమిటంటే, పరుగు చివరికి వచ్చేసరికి ఆడవాళ్లలో ఆమే అందరికంటే ముందుంది. గమ్యం దగ్గర పడింది. ఇంతలో మోకాళ్లు కూలిపోయాయి. లేచింది, నాలుగడుగులు వేసింది, మళ్లీ పడింది. చేయి అందించబోయిన వాళ్లను వారించింది. ఇతరుల సాయం తీసుకుంటే పోటీ నుంచి తప్పించేస్తారు మరి. గీత కొద్ది గజాల దూరంలో ఉందనగా కాథ్లీన్ మెకార్ట్‌నీ ఆమెను దాటి వెళ్లిపోయింది. జూలీ చేతుల మీద, మోకాళ్ల మీద పాకుతూ 29 సెకన్ల తర్వాత గీత దాటింది. అప్పటికి బయలుదేరి 11 గంటల 10 నిమిషాలు. టెలివిజన్‌లో ఆ దృశ్యం చూశాకే ఎంతోమంది సామాన్యులు ఈ పోటీ వైపు వచ్చారు.

ఆమె ఎముక విరగలేదు, కండ తెగలేదు. మనసు "పద" అంటోంది. మరి కాళ్లు ఎందుకు మొరాయించాయి? ఆ రోజు ఆమె ఒంట్లో జరిగినదంతా ఒక్క కారణంతో తేలదు కానీ, ఇంత దూరం వెళ్లినవాళ్లను పడగొట్టే శత్రువులు ఎవరో శాస్త్రానికి బాగా తెలుసు.

మొదటిది ఇంధనం. ఈ పోటీలో మనిషి బరువును, వేగాన్ని బట్టి 8 వేల నుంచి 10 వేల కిలోకెలోరీలు ఖర్చవుతాయి. అంటే దాదాపు నాలుగు రోజుల తిండి. ఒంట్లో నిల్వలు రెండు రకాలు. కండరాల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో సుమారు 100 గ్రాములు గ్లైకోజన్ అనే పిండి పదార్థం ఉంటుంది. గ్రాముకు 4 కిలోకెలోరీల చొప్పున 2 వేలు. రెండోది కొవ్వు. బక్కపలుచని మనిషిలోనూ 9 కిలోలు ఉందనుకోండి, గ్రాముకు 9 చొప్పున 81 వేలు! ఎనిమిది పోటీలకు సరిపోతుంది. అయితే ఎందుకు పడిపోవాలి?

గరిసె నిండా జొన్నలున్నాయి, వంటింటి డబ్బాలో రెండు రొట్టెలకు సరిపోయే పిండి ఉంది. చుట్టాలు వచ్చి కూర్చుంటే ముందు ఖాళీ అయ్యేది డబ్బానే. జొన్నలు విసిరి పిండి చేసేదాకా ఆగాలి కదా! కొవ్వు గరిసెలోని జొన్నలు. గ్లైకోజన్ డబ్బాలోని పిండి. కొవ్వు నుంచి శక్తి, గ్లైకోజన్‌తో పోలిస్తే సుమారు సగం వేగంతోనే అందుతుంది. ఆక్సిజన్ కూడా ఎక్కువ కావాలి. నెమ్మదిగా వెళితే కొవ్వు సరిపెట్టగలదు. వేగం పెంచితే డబ్బా ఖాళీ అవుతుంది. పైగా, ఒక కండరంలోని గ్లైకోజన్‌ను మరో కండరం అప్పు తీసుకోలేదు. చేతుల్లో ఎంత మిగిలినా తొడలకు ఉపయోగం లేదు. మెదడుకేమో కాలేయం పంపే గ్లూకోజే ఆధారం. అదీ తగ్గితే కళ్లు తిరుగుతాయి, అడుగు తడబడుతుంది.

దారిలో తినవచ్చు కదా అంటారా? తింటారు. సైకిలు మీదే అరటిపళ్లు, తీపి పానీయాలు తీసుకుంటారు. కానీ పేగులు గంటకు సుమారు 60 గ్రాముల గ్లూకోజునే రక్తంలోకి పంపగలవు. పళ్లలో ఉండే ఫ్రక్టోజు అనే చక్కెర వేరే దారిన వెళుతుంది కనుక, అదీ కలిస్తే 90 గ్రాముల దాకా రావచ్చు. అంతకంటే మింగితే కడుపునొప్పి తప్ప లాభం లేదు.

రెండో శత్రువు వేడి. ఇది మన పాలమూరు పిల్లలకు చెప్పనక్కర లేదు. కండరం తాను ఖర్చుపెట్టిన శక్తిలో నాలుగో వంతునే పనిగా మారుస్తుంది. మిగతాది వేడి. 70 కిలోల మనిషి పరుగెత్తుతూ గంటకు 700 కిలోకెలోరీలు ఖర్చుచేస్తే 500కు పైగా వేడే. అతని ఒళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 58 కిలోకెలోరీలు చాలు. చల్లబడే మార్గం లేకపోతే గంటలో 9 డిగ్రీలు పెరగాలి! అలా జరగకుండా కాపాడేది చెమట. ఒక లీటరు చెమట ఆవిరయితే 580 కిలోకెలోరీల వేడిని తీసుకుపోతుంది. మీ ఇంట్లో రంజనులో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. కానీ చెమట ఆరితేనే లాభం, కారితే కాదు. మే నెలలో కొల్లాపూర్ మామిడితోటల్లో గాలి పొడిగా ఉంటుంది కనుక చెమట పట్టినట్టే తెలియదు, కానీ నీరు మాత్రం పోతూనే ఉంటుంది. హవాయిలో సముద్రపు తేమ వల్ల చెమట ఆరక బొట్లు బొట్లుగా రాలిపోతుంది. నీరూ పోయె, చల్లదనమూ రాకపోయె!

నీళ్లు పోతే రక్తం చిక్కబడి, గుండెకు అందేది తగ్గుతుంది. దాంతో గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాలి. అలాగని కడివెడు నీళ్లు తాగినా ముప్పే. చెమటతో ఉప్పు కూడా పోతుంది. ఉప్పు లేని నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి మెదడు వాస్తుంది. దూరపు పరుగుల్లో ఇలా జరుగుతుందని 1985లో దక్షిణాఫ్రికా వైద్యుడు టిమ్ నోక్స్, ఆయన సహచరులు ప్రకటించారు. 

ఇంత విన్నాక, మామూలు మనిషి ఈ పోటీ ఎలా పూర్తి చేస్తాడు? ఇక్కడే నాకు నచ్చిన లెక్క ఒకటుంది. ఈతకు 1 గంట 45 నిమిషాలు పట్టిందనుకోండి. సైకిలు గంటకు 24 కిలోమీటర్ల చొప్పున ఏడున్నర గంటలు. బట్టలు మార్చుకోవడానికి పావుగంట. మొత్తం తొమ్మిదిన్నర. 17 గంటల్లో ఇంకా ఏడున్నర గంటలు మిగిలాయి. 42.2ను ఏడున్నరతో భాగించండి. గంటకు 5.6 కిలోమీటర్లు! పొలం నుంచి చీకటి పడకుండా ఇంటికి చేరాలని చురుగ్గా నడిచే మనిషి వేగం అది. డబ్బాలో పిండి అయిపోకుండా గరిసెను నమ్ముకున్నవాడికి దారి ఉంది. మన పాఠశాలల్లో ఆటలంటే మొదట వచ్చినవాడికి చప్పట్లు కొట్టడమే. గడువులోగా చివర వచ్చినవాడి శరీరశాస్త్రం ఇంకా ఆసక్తికరం అని నా అభిప్రాయం.

మన తెలుగు గడ్డ నుంచే ఒక ఉదాహరణ. ట్రయథ్లాన్ కాదు, ఉత్త ఈత. హైదరాబాదులో ఉండే గోలి శ్యామల నలభై ఏళ్లు దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చి 19న శ్రీలంకలోని తలైమన్నారు నుంచి ధనుష్కోటికి పాక్ జలసంధిని ఈదారు. సుమారు 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషాలు. భాగించి చూడండి. గంటకు 2.2 కిలోమీటర్లు. తీరికగా నడిచే మనిషి కంటే తక్కువ!

నెమ్మదిగానైనా అంతసేపు కదలాలంటే నెలల సాధన కావాలి. సాధన వల్ల కండర కణాల్లో మైటోకాండ్రియా సంఖ్య పెరుగుతుంది. కొవ్వును ఆక్సిజన్‌తో మండించే పొయ్యిలు ఇవే. కండరం చుట్టూ సన్నని రక్తనాళాలు కొత్తగా మొలుస్తాయి. గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం పంపుతుంది. ఎండకు అలవాటుపడిన ఒళ్లు త్వరగా చెమట పట్టించి, ఆ చెమటలో ఉప్పును ఆదా చేస్తుంది. రెండు వారాలలోపే ఈ మార్పు కనిపిస్తుంది. మన దగ్గర మండుటెండలో పనిచేసే కూలీల శరీరాలు ఏ కోచూ లేకుండానే నేర్చుకున్న విద్య ఇది.

మీరూ ఒక కొలత తీసుకోండి. కచ్చితంగా తూగే బరువు యంత్రం కావాలి. మూత్రానికి వెళ్లివచ్చి, బరువు చూసుకుని గంటసేపు కబడ్డీ ఆడండి. మధ్యలో తాగిన నీళ్లను కొలిచి తాగండి, మూత్రానికి మాత్రం వెళ్లకండి. ఆట కాగానే చెమట తుడుచుకుని, అవే బట్టలతో మళ్లీ తూగండి. తగ్గిన బరువుకు తాగిన నీటి బరువు కలిపితే, ఇంచుమించు మీ గంట చెమట వస్తుంది. ఒక కిలో అంటే ఒక లీటరు. డిసెంబరులో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి సాయంకాలం పూట చూసి, నోటు పుస్తకంలో పక్కపక్కన రాసుకోండి.