కరిగిన ఇనుమునకు వాకిలి

బ్లాస్ట్ కొలిమి పటమును గీయని ఇంటర్మీడియట్ విజ్ఞానశాస్త్ర విద్యార్థి బహుశః ఉండడు. పటమునకు అడుగున ఒక చిన్న గొట్టము గీసి, "కరిగిన ఇనుము" అని బాణపు గుర్తు వేసి, విషయము ముగిసినదనుకొంటాము. లోపల జరిగే రసాయన చర్యలకు పరీక్షలో మార్కులు కలవు గాని, ఆ బాణపు గుర్తుకు లేవు. కొలిమి నడిపేవారిని అడిగితే మాత్రము అసలు చిక్కు అక్కడనే ఆరంభమవుతుందని చెబుతారు. సుమారు 1500 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి గల ద్రవమును నింపుకొన్న పాత్రకు మనమే రంధ్రము చేయవలెను. అది మనము కోరినప్పుడు తెరుచుకొని, కోరినప్పుడు మూసుకొనవలెను. గంటల తరబడి ఇనుము పారినా అదుపు తప్పి పెద్దది కారాదు. ఆ రంధ్రమునే కర్మాగారములలో ట్యాప్‌హోల్ అంటారు.

రంధ్రము లేకుండా పని జరగదా అన్న ప్రశ్న సహజమైనదే. చిన్న కొలుములలో జరుగుతుంది. మన ప్రగతి నగర్‌కు సమీపములోని జీడిమెట్ల పారిశ్రామికవాడలో పోతపని చేసే ఫౌండ్రీలు ఉన్నవి. అటువంటి చోట వాడే ఇండక్షన్ కొలిమి పెద్ద కుండ వంటిది. లోహము కరిగిన పిమ్మట కొలిమినే ఒక ప్రక్కకు వంచి, మూతి మీదుగా లేడిల్‌లోనికి పోస్తారు. ఇంటిలో గంజి వార్చినట్లే. కొన్ని టన్నుల వరకు ఈ పద్ధతికి మించినది లేదు.

మన తెలంగాణపు పూర్వులు మరియొక మార్గము త్రొక్కినారు. నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లి ప్రాంతములోని కోనసముద్రము ఉక్కుకు పేరుపొందిన గ్రామము. వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు అయిన హెన్రీ వాయిసీ 1820వ దశకములో ఆ పనిని స్వయముగా చూచి వ్రాసిన వివరణ 1832లో ఆసియాటిక్ సొసైటీ వారి పత్రికలో అచ్చయినది. ఊకతో కలిపిన మట్టితో మూసలు చేసి, వాటిలో ఇనుమును ఉంచి, మూత బిగించి, కొలిమిలో గంటల తరబడి కాల్చేవారు. కరిగిన ఉక్కును బయటికి పోసేవారు కారు. మూసలోనే మెల్లగా చల్లారనిచ్చి, మూసను పగులగొట్టి ఉక్కు ముద్దను తీసుకొనేవారు. ఆ ముద్దల కోసము ఇస్ఫహాన్ నుండి పారశీక వర్తకులు అంత దూరము వచ్చేవారట. మన 'ఉక్కు', వారి 'ఫౌలాద్' అలా ఒక్క సంతలో కలుసుకొన్నవి. ఇక్కడ పాత్రయే ఆహుతి అవుతున్నది గనుక వాకిలి సమస్యయే లేదు. ఒక్క ముద్దకు ఒక్క మూస.

ఇప్పుడు విశాఖపట్టణమునకు పోదాము. అక్కడి ఉక్కు కర్మాగారములో మూడు బ్లాస్ట్ కొలుములు ఉన్నవి. 'గోదావరి' 1990లోను, 'కృష్ణ' 1992లోను, 'అన్నపూర్ణ' 2012లోను వెలిగినవి. మొదటి రెండింటి లోపలి పరిమాణము ఆరంభములో 3,200 ఘనపు మీటర్లు, మూడవదానిది 3,800. ఇంతటి కట్టడమును గంజి కుండవలె వంచలేము, మూసవలె పగులగొట్టలేము. పైనుండి ఖనిజము, కోక్ పడుతూనే ఉంటాయి, క్రింది నుండి వేడిగాలి వీస్తూనే ఉంటుంది, ఇనుము రాత్రింబగళ్ళు అడుగుకు చేరుతూనే ఉంటుంది. చేరిన దానిని ఎప్పటికప్పుడు తీయకపోతే, ఇనుముపై తేలే లోహమలము, అనగా మన కమ్మరులు చిట్టెమనేది, పైకి లేచి గాలి గొట్టములను ముంచుతుంది. కనుక వాకిలి తప్పదు. విశాఖలోని మొదటి కొలుములకు ఒక్కొక్కదానికి నాలుగు ట్యాప్‌హోళ్ళు, చుట్టూ వృత్తాకారపు పోతశాల అమర్చినారు. ఒకటి పారుచుండగా మరియొకటి మరమ్మతులో ఉండవచ్చును.

ధార ఎంత వేగముతో వస్తుందో మనమే లెక్క కట్టవచ్చును. పాత్ర అడుగు రంధ్రము నుండి ద్రవము వెలువడే వేగము దానిపైనున్న ద్రవపు ఎత్తును బట్టి ఉంటుందని టారిసెల్లీ 1644లో ప్రకటించినాడు. కొలిమిలో రంధ్రముపై ఇనుము 1 మీటరు ఎత్తున ఉన్నదనుకొందాము. అంతేకాక లోపలి వాయువు వాతావరణ పీడనమునకు పైన మరి 3 రెట్ల పీడనముతో ద్రవమును అదుముతున్నదనుకొందాము. 3 వాతావరణ పీడనములు 30 మీటర్ల నీటి స్తంభమునకు సాటి. ద్రవపు ఇనుము నీటికన్న సుమారు 7 రెట్లు బరువు గనుక అది 4.3 మీటర్ల ఇనుముతో సమానము. మొత్తము 5.3 మీటర్లు. సూత్రము ప్రకారము వేగము సెకనుకు 10 మీటర్లకు పైచిలుకు. పొడవైన రంధ్రపు ఘర్షణలో సగము పోయినదనుకొన్నా 5 మీటర్లు మిగులుతుంది. రంధ్రపు వ్యాసము 60 మిల్లీమీటర్లయితే సెకనుకు దాదాపు 100 కిలోలు, నిమిషమునకు 6 టన్నులు. మన అరచేయి మూయగల రంధ్రము అది! వ్యాసము అరిగి 85 మిల్లీమీటర్లయితే వైశాల్యము రెట్టింపగును, ధారయు రెట్టింపగును. కొలిమి రూపకర్తకు నిద్ర పట్టనీయనిది ఈ అరుగుదలయే.

కొలిమి అడుగు గోడ కట్టుటకు ఏ పదార్థము వాడవలెను? వేడిని తన గుండా పోనీయని ఇటుకయే శ్రేష్ఠమని మొదట తోచును. కాని పెద్ద కొలుములలో అడుగు భాగమును కర్బనపు దిమ్మెలతో కడతారు. కర్బనము వేడిని చక్కగా ప్రసరింపజేసే పదార్థము. గోడ వెనుక నిరంతరము నీరు ప్రవహిస్తుంది. దిమ్మె వేడిని ఎంత త్వరగా నీటికి అందిస్తే, దాని లోపలి ముఖము అంత చల్లగా ఉంటుంది. పోత ఇనుము సుమారు 1150 డిగ్రీల వద్ద గడ్డకడుతుంది గనుక, గోడ ముఖము అంతకన్న చల్లగా ఉంటే దానిపై ఇనుమే ఒక పొరగా పేరుకొని గోడను కాపాడుతుంది. శత్రువునే కోటగోడగా నిలిపినట్లు! ఈ శాస్త్రములో నాకు అన్నింటికన్న ముచ్చట గొలిపే విషయము ఇదే.

ఈ రక్ష ట్యాప్‌హోల్ వద్ద పనిచేయదు. అక్కడ ఇనుము నిలిచి ఉండక పారుతుంది. పారే ద్రవము పేరుకొన్న పొరను కరిగించి తీసుకొనిపోతుంది. ఇనుము వెంట చిట్టెము వస్తుంది, అది ఇటుకలను రసాయనికముగా తింటుంది. ధార ఉన్నప్పుడు మండే వేడి, మూసినప్పుడు కొంత చల్లదనము. ఈ మార్పులకు గోడ బీటలు వారుతుంది. ఇన్నింటికి తట్టుకొని ఏండ్ల తరబడి నిలిచే ఇటుక ఏదియు లేదు. అందుచేత రూపకర్తలు శాశ్వతమైన వాకిలి అన్న ఆలోచననే విడిచి, దినదినము అరిగి, దినదినము తిరిగి కట్టబడే వాకిలిని నిర్మించినారు.

ఆ విధానము ఇట్టిది. గోడలోని రంధ్రము ప్రత్యేకమైన బంకమట్టితో నిండి ఉంటుంది. ఇనుము తీయవలసిన వేళ డ్రిల్లు యంత్రముతో ఆ మట్టి గుండా దారి చేస్తారు. పెద్ద కొలుములలో ఈ దారి 3 మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. రెండు మూడు గంటలు పారి, చివరకు వాయువు చిమ్మడము మొదలుకాగానే, మడ్ గన్ అనే యంత్రము వచ్చి మూతికి ఆనుకొని, హైడ్రాలిక్ ఒత్తిడితో క్రొత్త మట్టిని లోనికి నెట్టుతుంది. ఆ మట్టి రంధ్రమును నింపడమే గాక, కొలిమి లోపలికి పొంగి, గోడకు పుట్టగొడుగు ఆకారములో అతుకుకొంటుంది. ఆ పుట్టగొడుగే లోపలి గోడకు కవచము. నెట్టిన మట్టి చాలకపోతే రంధ్రపు పొడవు రోజురోజుకు తగ్గిపోతుంది. అందుకే తెరిచిన ప్రతిసారి పొడవును కొలిచి వ్రాసుకొంటారు. పొడవు తగ్గుతున్నదంటే గోడ పలుచనవుతున్నదని అర్థము.

ఇక ఆ మట్టికి మనము విధించే నియమములను చూడండి. గన్‌లో ఉన్నంతసేపు మెత్తగా జారవలెను. లోనికి పోయిన కొద్ది నిమిషములకే బిగుసుకొనవలెను. బిగిసినా బీట వారరాదు. పాత మట్టితో కలిసిపోవలెను. గంటల తరబడి ఇనుమునకు, చిట్టెమునకు లొంగరాదు. అయినను మరునాడు డ్రిల్లుకు లొంగవలెను. అల్యూమినా, సిలికాన్ కార్బైడ్, కోక్ పొడి, బంకమన్ను కలిపి, తారుతో గాని రెజిన్‌తో గాని పిసికి ఈ ముద్దను చేస్తారు. తారు చవుక, కాని కాలునప్పుడు వెలువడే పొగ క్యాన్సర్ కారకమైనది. ఆ పొగ పీల్చేది రూపకర్త కాదు, ట్యాప్‌హోల్ ముందు నిలిచిన కార్మికుడు. రెజిన్ వైపు మొగ్గు చూపుటకు అది ఒక్కటే తగిన కారణమని నా అభిప్రాయము.

రంధ్రమును అడ్డముగా గాక, లోపలికి పోయేకొద్ది సుమారు 10 డిగ్రీలు క్రిందికి వాలునట్లు తొలుస్తారు. ఇనుము ఆ వాలు మీదుగా పైకెక్కి బయటపడుతుంది. రంధ్రమునకు దిగువన ఎప్పుడును ఖాళీకాని ఇనుప మడుగు ఒకటి నిలిచి ఉంటుంది. కొలిమి నేలకు అది పరుపు వంటిది. మడుగు లోతు చాలకపోతే ద్రవము గోడ మూలల వెంట చుట్టు తిరిగి అక్కడనే కోస్తుంది.

అన్నింటికన్న భయపడవలసినది తేమ. కొలిమి గోడను బ్రతికించే నీరే, పైపు చిట్లి కరిగిన ఇనుము క్రింద చిక్కుకొంటే క్షణములో ఆవిరియై, సుమారు పదిహేడు వందల రెట్లకు మించి వ్యాకోచించి, ఇనుమును వడగండ్లవలె విసరుతుంది. సరిగా ఆరని మట్టిలోని తేమయు అంతే. అందుచేత గోడలో లోతుకొక ఉష్ణమాపకము చొప్పున అమర్చి, లెక్కలను రేయింబవళ్ళు గమనిస్తారు. ఒక చోట వేడి పెరుగుతున్నదంటే ఆ వైపు తెరవడము తగ్గించి, మట్టి ఎక్కువ నెట్టి, గోడను కోలుకోనిస్తారు.

ఉక్కు తయారైన తరువాత కూడ వాకిలి బెడద తీరదు. లేడిల్ అడుగున రంధ్రములు గల రెండు ఉష్ణసహ పలకలు ఒకదానిపై ఒకటి జరుగుతాయి. రంధ్రములు ఎదురెదురైతే ఉక్కు దిగుతుంది, ప్రక్కకు జరిపితే ఆగుతుంది. ముందుగా రంధ్రములో పొడి ఇసుక నింపి ఉంచుతారు, లేకున్న ఉక్కు అందులోనే గడ్డకడుతుంది. విశాఖలో ఉక్కంతా నిరంతర పోత పద్ధతిలోనే సాగేటట్లు ఏర్పాటు చేసినందున ఈ చిన్న పలకల మీద చాలా భారమున్నది.

ఇంతవరకు చెప్పినదంతా నడిచే కొలిమి సంగతి. కొలిమి ఆగితే? విద్యుద్దీపమువలె ఆర్పి వెలిగించుటకు ఇది వీలుకాని వస్తువు. నిధుల, ముడిసరుకుల కొరత వలన 2024లో ఒక దశలో విశాఖలోని మూడు కొలుములలో ఒక్కటే నడిచినది. 2025 జనవరిలో కేంద్ర ప్రభుత్వము 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ సహాయమును ప్రకటించినది. పత్రికలలో మనము చదివేది ఆ కోట్ల సంఖ్యనే. చాలకాలము ఆగిన కొలిమిలో ట్యాప్‌హోల్‌కు దిగువనున్న మడుగు గడ్డకట్టి వందల టన్నుల ఇనుప బండ అవుతుంది. రంధ్రమునకు, పైనున్న గాలి గొట్టములకు నడుమ కోక్, చిట్టెము పేరుకొని గోడవలె బిగుస్తాయి. గాలి మరల ఊదినా, క్రొత్తగా కరిగిన ఇనుమునకు క్రిందికి దారి ఉండదు. అప్పుడు ఇనుప గొట్టములలో ఆక్సిజన్ పంపి, వాటి కొనలను మండించి, ట్యాప్‌హోల్ నుండి పైకి అంగుళము అంగుళముగా బండను కాల్చి దారి చేయవలెను. మొదట వచ్చే ఇనుము చల్లగా, చిక్కగా, కాలువలోనే గడ్డకట్టేటట్లు వస్తుంది; దానిని త్రవ్వి తీసి, మరల తెరచి, మరల మూసి, ధార వేడెక్కువరకు ఇట్లే సాగవలెను. ఆ తరువాతనే డ్రిల్లుకు, మడ్ గన్‌కు తమ నిత్యకృత్యము తిరిగి దొరుకుతుంది.